బెంగళూరు బోరు నీళ్లకు జుట్టు ఊడిపోతోంది, మినాక్సిడిల్ రాయవచ్చా?

బోరునీళ్ల_బాధితుడు
కర్నూలు నుంచి ఉద్యోగం కోసం మారతహళ్ళి వచ్చి ఏడాది దాటింది. పీజీ హాస్టల్లో ఉంటున్నాను. వచ్చేవి బోరు నీళ్లు, అవి అయిపోతే ట్యాంకరు నీళ్లు. బకెట్ అంచున తెల్లటి పొర, కొళాయి మూతికి సున్నం గడ్డ. తలస్నానం చేసిన ప్రతిసారీ నీళ్లు పోయే జాలీ మీద వెంట్రుకల ఉండ తేలుతుంది. నుదుటికి రెండు పక్కలా జుట్టు వెనక్కి జరిగింది, నడినెత్తిన పలచబడింది. వయసు 27.

పీజీలో ఉన్న తెలుగువాళ్లందరిదీ ఒకటే మాట, ఈ నీళ్ల వల్లే అని. షవర్‌కు ఫిల్టర్ పెట్టించాను, తేడా ఏమీ లేదు. నా గదిలో ఉండే అతను జుట్టు మొలవడానికి తలకు రాసే మందు మినాక్సిడిల్ రాస్తున్నాడు, నన్నూ రాయమంటున్నాడు. మొదలుపెడితే జీవితాంతం మానకూడదట, మొదట్లో ఉన్న జుట్టు కూడా రాలుతుందట. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. అమ్మ వీడియో కాల్ చేసిన ప్రతిసారీ "తల కాస్త వంచు నాన్నా, చూస్తాను" అంటోంది. నాకు ఇది నవ్వులాట కాదు. తెలిసినవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

వైట్‌ఫీల్డ్_వాసి
నీళ్లే కారణం, అందులో అనుమానం లేదు. గుంటూరులో ఉన్నన్నాళ్లూ నాకు జుట్టు ఒత్తుగా ఉండేది. కావేరి నీళ్లు వచ్చే ఇంటికి మారిపోండి.

జయనగర్_జానకి
మా ఇంటికి కావేరి నీళ్లే వస్తాయి వాసిగారూ. మావారికి ముప్పై దాటగానే నడినెత్తి కనిపిస్తోంది. ఇప్పుడు ఏ నీళ్లను అనాలి?

రసాయనం_మాస్టారు
కఠిన జలం అంటే కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా కరిగి ఉన్న నీరు. సబ్బుతో కలిస్తే తెట్టు కడుతుంది, ఆ తెట్టు వెంట్రుకకు పట్టుకుంటుంది. జుట్టు గరుకుగా, చిక్కులు పడి, దువ్వెనకు తెగుతుంది. ఇంతవరకు నిజం. కానీ వెంట్రుక పుట్టేది చర్మం పైన కాదు, దాదాపు నాలుగు మిల్లీమీటర్ల లోపల ఉండే కుదురులో. తల మీద పోసుకున్న నీళ్లు అక్కడికి దిగి కుదురును చంపవు. తెగడం వేరు, ఊడడం వేరు.

ఒక పని చేయండి. రాలిన వెంట్రుకలను నల్ల కాగితం మీద పరిచి, ఫోను కెమెరాతో పెద్దవి చేసి చూడండి. ఒక కొనన గసగసాల కంటే చిన్న తెల్లటి బుడిపె కనిపిస్తే అది కుదురు నుంచి సహజంగా వదిలిన వెంట్రుక. రెండు కొనలూ బోసిగా ఉంటే మధ్యలో తెగింది.

బోరునీళ్ల_బాధితుడు
మాస్టారూ, ఇప్పుడే చూశాను. ఎక్కువవాటికి తెల్ల బుడిపె ఉంది. అంటే వేరుతో సహా ఊడిపోయినట్టేనా? ఇంక అక్కడ మొలవదా?

చర్మవైద్య_విద్యార్థిని
భయపడకండి, అది వేరు కాదు. నేను ఇక్కడే ఒక వైద్య కళాశాలలో చర్మవ్యాధుల విభాగంలో పోస్టు గ్రాడ్యుయేషన్ చేస్తున్నాను. ఓపీలో రోజూ ఎవరో ఒకరు పొట్లం విప్పి ఇదే బుడిపె చూపిస్తారు. వెంట్రుక విశ్రాంతి దశకు వెళ్లినప్పుడు దాని అడుగు భాగం గట్టిపడి అలా తయారవుతుంది. కుదురు లోపలే ఉంటుంది, మళ్లీ వెంట్రుకను పుట్టిస్తుంది.

తల మీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. ఒక్కొక్కటి 2 నుంచి 6 ఏళ్లు పెరుగుతుంది, రెండు మూడు వారాల్లో పెరుగుదల ఆపుతుంది, మూడు నెలల పాటు విశ్రాంతిలో ఉండి రాలుతుంది. రోజుకు 50 నుంచి 100 రాలడం మామూలే. రెండు మూడు రోజులకోసారి తలస్నానం చేసేవారికి అవన్నీ ఆ రోజే కనిపిస్తాయి.

కాబట్టి రాలినవాటిని లెక్కపెట్టడం కంటే, మళ్లీ మొలిచేవి ఎంత లావుగా ఉన్నాయో చూడాలి. మీరు చెప్పిన తీరు, అంటే నుదుటి రెండు పక్కలు, నడినెత్తి, మగవారికి వంశపారంపర్యంగా వచ్చే బట్టతలది. మీరు పోసుకునే నీళ్లు చెవుల మీద, మెడ పైన కూడా పడుతున్నాయి. అక్కడ జుట్టు ఒత్తుగానే ఉందా? ఉంటే నీళ్ల మీద నేరం మోపలేం.

బోరునీళ్ల_బాధితుడు
చెవుల దగ్గర, వెనక ఒత్తుగానే ఉంది. క్షౌరశాలకు వెళితే వెనక వైపే ఎక్కువసేపు కత్తిరిస్తాడు.

వైట్‌ఫీల్డ్_వాసి
అయితే బెంగళూరు వచ్చాకే అందరికీ ఎందుకు మొదలవుతోంది డాక్టరుగారూ? నేను చూసినవాళ్లంతా ఇదే చెబుతారు.

చర్మవైద్య_విద్యార్థిని
మనవాళ్లు బెంగళూరు వచ్చేది 22, 25 ఏళ్ల వయసులో. వంశపారంపర్య బట్టతల బయటపడే వయసూ అదే. కర్నూల్లోనే ఉండిపోయినా ఇప్పటికి మొదలయ్యేది. దానికి తోడు కొత్త ఊరు, నిద్ర లేకపోవడం, పీజీ తిండి, మధ్యలో ఒక జ్వరం. ఇవి మరో రకం రాలుడు తెస్తాయి. దాన్ని టెలోజెన్ ఎఫ్లూవియం అంటాం. ఒంటికి ఇలాంటి దెబ్బ తగిలిన రెండు మూడు నెలలకు తల అంతటా రాలుతుంది, కారణం తొలగితే చాలామందికి దానంతట అదే తగ్గుతుంది. ఒకే మనిషికి రెండూ ఉండవచ్చు.

నెల్లూరు_రాధ
నాకు అచ్చం అలాగే జరిగింది. డెంగీ వచ్చి తగ్గింది, అంతా బాగుందనుకున్న సమయంలో దువ్వెన నిండా జుట్టు. జ్వరం ఎప్పుడో పోయింది కాబట్టి దాన్ని ఎవరూ అనుమానించలేదు, అత్తగారు షాంపూను తిట్టారు. ఆరు నెలల్లో పాపిడి పక్కన పొట్టి వెంట్రుకలు నిక్కబొడుచుకుని వచ్చాయి. ఏ మందూ రాయలేదు.

పలమనేరు_ప్రసాద్
తిరుమల వెళ్లి గుండు చేయించుకుంటే సరి. ఒత్తుగా వస్తుంది. మా ఇంట్లో చిన్నప్పటి నుంచి ఇదే నమ్మకం.

రసాయనం_మాస్టారు
మొక్కు తీర్చుకోవడానికి గుండు చేయించుకోండి ప్రసాద్, అది స్వామికీ మీకూ మధ్య విషయం. ఒత్తుగా వస్తుందని మాత్రం చెప్పకండి. పెరిగిన వెంట్రుక కొన సన్నగా ఉంటుంది. కత్తి పడితే మొద్దుగా అవుతుంది, అందుకని గరుకుగా, ఒత్తుగా అనిపిస్తుంది. కుదుళ్ల సంఖ్య కత్తికి మారదు.

పలమనేరు_ప్రసాద్
సరే మాస్టారూ. మరి మేనమామ పోలిక నిజమేనా? మా మేనమామలు ముగ్గురికీ నిండు జుట్టు. అందుకే నాకు రాదని ధీమాగా ఉన్నాను.

చర్మవైద్య_విద్యార్థిని
సగం నిజం. పురుష హార్మోనును అందుకునే గ్రాహకం తాలూకు జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగపిల్లాడికి అది తల్లి నుంచే వస్తుంది, మేనమామ పోలిక అనడానికి ఆధారం అదే. కానీ 20వ క్రోమోజోమ్ మీద, మరికొన్ని చోట్ల ఉన్న జన్యువులకూ ఇందులో భాగం ఉంది, అవి తండ్రి నుంచి కూడా వస్తాయి. నాన్నగారి ఫొటో కూడా చూసుకోండి.

హెబ్బాళ్_హరి
అసలు హార్మోనుకూ జుట్టుకూ సంబంధం ఏమిటి? మగతనం ఎక్కువైతే బట్టతల వస్తుందని మా ఆఫీసులో ఒకాయన గర్వంగా చెబుతుంటాడు.

చర్మవైద్య_విద్యార్థిని
బట్టతల ఉన్నవారిలో పురుష హార్మోను టెస్టోస్టిరాన్ చాలావరకు మామూలు స్థాయిలోనే ఉంటుంది. తేడా కుదురులో ఉంది.

కొంచెం పెద్ద జవాబు రాస్తున్నాను, ఈ కథ నాకు చాలా ఇష్టం. 1942లో జేమ్స్ హామిల్టన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, యుక్తవయసు రాకముందే వృషణాలు పనిచేయకుండా పోయిన మగవారికి బట్టతల రాదని చూపించాడు. వారికి టెస్టోస్టిరాన్ ఇచ్చినప్పుడు, వంశంలో బట్టతల ఉన్నవారికి మాత్రం మొదలైంది. అంటే హార్మోను, వంశం రెండూ కలవాలి. 1974లో జూలియాన్ ఇంపెరాటో మెక్‌గిన్లీ బృందం డొమినికన్ రిపబ్లిక్‌లోని కొన్ని కుటుంబాల గురించి రాసింది. ఆ మగవారిలో 5 ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైమ్ లోపించింది. టెస్టోస్టిరాన్‌ను డీహెచ్‌టీ అనే మరింత బలమైన హార్మోనుగా మార్చేది ఈ ఎంజైమే. వారికి ప్రోస్టేట్ చిన్నదిగా ఉంది, బట్టతల రాలేదు.

బట్టతలకు అసలు కారకం ఆ డీహెచ్‌టీ. నుదుటి పైన, నడినెత్తిన ఉండే కుదుళ్లు కొందరిలో దానికి లొంగిపోతాయి. ప్రతి విడతా పెరిగే కాలం తగ్గుతుంది, కుదురు చిన్నదవుతుంది, లావు వెంట్రుక స్థానంలో నూగు మిగులుతుంది. తల వెనక కుదుళ్లు దాన్ని లెక్కచేయవు. వెనక నుంచి తీసి ముందు నాటినా ఆ గుణం పోదని 1959లో నార్మన్ ఒరెన్‌ట్రైక్ ప్రచురించాడు. ఇప్పటి జుట్టు మార్పిడికి పునాది అదే.

జయనగర్_జానకి
మీరిలా చెబితే మావారికి కూర్చోబెట్టి చదివి వినిపిస్తాను. హెల్మెట్ వల్ల అంటూ బైకు అమ్మేస్తానంటున్నారు.

చర్మవైద్య_విద్యార్థిని
హెల్మెట్ వల్ల బట్టతల రాదు, దయచేసి తీయనివ్వకండి.

మందుల_షాపు_సుబ్బయ్య
నాకు బీటీఎం వైపు మందుల దుకాణం ఉంది. మినాక్సిడిల్ అడిగేవారిలో ఎక్కువమంది పీజీ కుర్రాళ్లు. ఒక సీసా కొంటారు, నెల తిరగకుండా వచ్చి పని చేయలేదంటారు. అది తలకు రాసే నూనె కాదు. మొదట రక్తపోటు మాత్ర. అమెరికాలో అప్‌జాన్ కంపెనీ తయారు చేసింది, 1979లో అనుమతి వచ్చింది. మింగినవారికి ఒళ్లంతా వెంట్రుకలు రావడం చూసి తలకు రాసే ద్రావణం చేశారు. 2 శాతం ద్రావణానికి 1988లో అనుమతి.

కుర్రాళ్లకు నేను చెప్పేది: తల పొడిగా ఉండాలి. ఒక మిల్లీలీటరు, పూటకు ఒకసారి చొప్పున రోజుకు రెండుసార్లు. వెంట్రుకలకు కాదు, చర్మానికి తగలాలి. పాయలు విడదీసి వేలితో అద్దాలి, వెంటనే చేతులు కడుక్కోవాలి. నాలుగు గంటలు తల తడపకూడదు. రెండింతలు రాస్తే రెండింతలు మొలవదు, గుండె దడ వస్తుంది.

బోరునీళ్ల_బాధితుడు
మరి మొదట్లో రాలుతుందన్న మాట?

చర్మవైద్య_విద్యార్థిని
నిజమే, కొందరికి మొదటి రెండు నెలల్లో రాలుడు పెరుగుతుంది. మెజెస్టిక్ బస్టాండులో కదలకుండా నిలబడ్డ బస్సును వెనక బస్సు హారన్ కొట్టి పంపించినట్టు, విశ్రాంతిలో ఉన్న పాత వెంట్రుకలను కొత్తవి బయటకు నెడతాయి. చాలామంది సరిగ్గా అప్పుడే మానేస్తారు. ఓపీలో ఇది చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆగేవారు.

ఫలితం తేలడానికి కనీసం నాలుగు నుంచి ఆరు నెలలు కావాలి. అప్పటికీ అందరికీ పని చేయదు. మినాక్సిడిల్ కుదురులోని సల్ఫోట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైమ్ వల్ల మినాక్సిడిల్ సల్ఫేటుగా మారితేనే పని చేస్తుంది. ఆ ఎంజైమ్ కొందరిలో తక్కువ. ఇక డీహెచ్‌టీని ఇది ఆపదు, పెరిగే కాలాన్ని పొడిగిస్తుంది, అంతే. అందుకే మానేస్తే మూడు నాలుగు నెలల్లో దానివల్ల నిలిచిన జుట్టు పోతుంది. మందు రాయకపోతే ఎలా ఉండేదో అక్కడికి చేరుతుంది, అంతకంటే కిందికి కాదు.

కోరమంగళ_కిరణ్
డీహెచ్‌టీని ఆపే మందు ఫినాస్టరైడ్. దాని గురించి ఎవరూ మాట్లాడరేం? నేను కొన్నేళ్లుగా వైద్యుల పర్యవేక్షణలో రోజూ 1 మిల్లీగ్రాము మాత్ర వాడుతున్నాను. ఉన్నది నిలబడింది.

హెబ్బాళ్_హరి
కిరణ్, ఆ మాత్రను పెళ్లి కావలసిన కుర్రాడికి చెప్పకండి. లైంగిక సమస్యలు వస్తాయి. నా స్నేహితుడు మానసికంగా కుంగిపోయి మానేశాడు. ఆ నెలలు నేను దగ్గరుండి చూశాను. జుట్టు కోసం అంత అవసరం లేదు.

కోరమంగళ_కిరణ్
అందరికీ వస్తుందన్నట్టు చెప్పడమూ తప్పే కదా హరీ. నాకేమీ రాలేదు.

చర్మవైద్య_విద్యార్థిని
ఇద్దరి మాటా తీసిపారేయలేను. 1 మిల్లీగ్రాము మాత్రకు 1997లో అమెరికాలో అనుమతి వచ్చినప్పటి పరీక్షల్లో, మొదటి ఏడాది లైంగిక సమస్యలు చెప్పినవారు మందు వాడినవారిలో 3.8 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 2.1 శాతం. అంటే ఎక్కువమందికి రావు, కొందరికి వస్తాయి. మానేశాక కూడా కొనసాగాయని చెప్పినవారూ ఉన్నారు. ఆత్మహత్య ఆలోచనలను ఈ మాత్రల దుష్ప్రభావంగా యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2025లో నిర్ధారించింది. కుంగుబాటు చరిత్ర ఉంటే మొదటి రోజే వైద్యులకు చెప్పాలి. హరిగారి స్నేహితుడి అనుభవాన్ని నేను నమ్ముతాను.

మన దేశంలో మినాక్సిడిల్ 5 శాతం, ఫినాస్టరైడ్ 0.1 శాతం కలిపిన ద్రావణం కూడా దొరుకుతుంది. తలకు రాసేదే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు, కొంత రక్తంలోకి వెళుతుంది. గర్భిణులు, గర్భం ధరించే అవకాశం ఉన్నవారు దాన్ని ముట్టుకోకూడదు, మగశిశువు జననాంగాల ఎదుగుదల దెబ్బతింటుంది.

మందుల_షాపు_సుబ్బయ్య
దీనికి ఇంకో మాట కలుపుతాను. ఫినాస్టరైడ్ మాత్ర వాడే పెద్దవారు ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానం చూసే పీఎస్ఏ రక్తపరీక్ష చేయించుకుంటే ఆ సంగతి ల్యాబులో, వైద్యుల దగ్గర చెప్పాలి. ఈ మందు పీఎస్ఏను సుమారు సగానికి తగ్గిస్తుంది. జబ్బు ఉన్నా లేనట్టు కనబడవచ్చు.

మల్లేశ్వరం_మాలతి
అంతా మగవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. నాకు నుదురు వెనక్కి పోలేదు, పాపిడి వెడల్పయింది. బిగుతుగా జడ వేసుకుంటానని నాకే చీవాట్లు. ఎవరికి చూపించుకోవాలో తెలియక ఎన్ని బయోటిన్ విటమిన్ సీసాలు ఖాళీ చేశానో.

చర్మవైద్య_విద్యార్థిని
మాలతిగారూ, ఆడవారికి వంశపారంపర్యంగా పలచబడితే ఇలాగే పాపిడి దగ్గర మొదలవుతుంది, ముందు వరుస చాలావరకు నిలబడుతుంది. మందుకు ముందు రక్తంలో ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ చెప్పేది), హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూడాలి. నెలసరి సరిగ్గా రాకపోయినా, ముఖం మీద వెంట్రుకలు పెరుగుతున్నా పీసీఓఎస్ అనే హార్మోను సమస్య సంగతి అడగాలి. బిగుతు జడ వల్ల ఊడితే నుదుటి అంచున, కణతల దగ్గర ఊడుతుంది. మీ పాపిడికి జడను తప్పుపట్టడం అన్యాయం.

బయోటిన్ లోపం చాలా అరుదు. పైగా ఎక్కువ మోతాదులో తింటే థైరాయిడ్ పరీక్ష తప్పు చూపవచ్చు, గుండెపోటు గుర్తించే ట్రోపోనిన్ పరీక్ష కూడా. పరీక్షకు వెళ్లేముందు అది వాడుతున్నట్టు చెప్పండి. ఇక మినాక్సిడిల్ ఆడవారికీ ఇస్తాం, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు తప్ప. నుదుటి మీదికి కారితే అక్కడా నూగు వస్తుంది, జాగ్రత్తగా రాయాలి.

నెల్లూరు_రాధ
మాలతీ, ఫెరిటిన్ పరీక్ష తప్పకుండా చేయించుకోండి. మా చెల్లికి హిమోగ్లోబిన్ బాగానే ఉంది, ఫెరిటిన్ మాత్రం అడుగంటింది.

పలమనేరు_ప్రసాద్
గుంటగలగర ఆకు, మందార, మెంతులు, కరివేపాకు వేసి మా అమ్మమ్మ కాచే నూనె సంగతి ఏమిటి? ఉల్లిపాయ రసం? రోజ్‌మేరీ నూనె గురించి ఫోను తెరిస్తే అదే కనిపిస్తోంది.

రసాయనం_మాస్టారు
అమ్మమ్మ నూనెను నేనూ వదలను. కొబ్బరి నూనె వెంట్రుకలోకి ఇంకి, కడిగినప్పుడు పోయే మాంసకృత్తిని తగ్గిస్తుందని ముంబై శాస్త్రవేత్తలు 2003లో చూపించారు. బోరు నీళ్లతో గరుకెక్కిన జుట్టుకు మంచిదే. కానీ అది వెంట్రుకను కాపాడుతుంది, డీహెచ్‌టీని ఏమీ చేయలేదు.

చర్మవైద్య_విద్యార్థిని
రోజ్‌మేరీని 2 శాతం మినాక్సిడిల్‌తో పోల్చిన అధ్యయనం ఇరాన్‌లో జరిగింది, వందమంది మీద, ఆరు నెలలు; 2015లో ప్రచురించారు. రెండూ దాదాపు సమానంగా తేలాయి, అయితే రెండింటితోనూ పెరిగింది కొంచెమే. ఒక్క చిన్న అధ్యయనం మీద అంత డబ్బు పెట్టమని నేను చెప్పలేను. ఉల్లిరసం పరీక్షించింది బట్టతలకు కాదు, పేనుకొరుకుడుకు.

జయనగర్_జానకి
పేనుకొరుకుడు అంటే గుర్తొచ్చింది. మా అక్క కొడుక్కి, ఎనిమిదేళ్లు, రూపాయి బిళ్లంత నున్నగా ఊడింది. ఊళ్లో గురివింద గింజ అరగదీసి రుద్దమంటున్నారు. రేపు మొదలుపెడతారట.

చర్మవైద్య_విద్యార్థిని
జానకిగారూ, వెంటనే ఫోను చేసి ఆపించండి. గురివింద గింజలో అబ్రిన్ ఉంటుంది, ప్రాణాంతక విషం. గీరిన చర్మం మీద రుద్దడం, పిల్లాడి చేతికి అంటి నోట్లోకి పోవడం, రెండూ ప్రమాదమే. పేనుకొరుకుడుకు పేలతో సంబంధం లేదు. ఒంటి రోగనిరోధక శక్తి సొంత కుదుళ్ల మీదికే వెళ్లడం వల్ల వస్తుంది. కుదుళ్లు చావవు. చిన్న మచ్చలు చాలామందికి ఏడాదిలోపు వాటంతటవే పూడతాయి, పిల్లలకు స్టెరాయిడ్ పూతమందు ఇస్తాం. పొలుసులు, దురద ఉంటే తామర కావచ్చు, అది వేరే చికిత్స. ఎవరైనా చర్మవైద్యులకు చూపించండి.

జయనగర్_జానకి
చేశాను. అక్క గింజలు పారేసింది. సోమవారం తీసుకెళుతున్నారు.

బోరునీళ్ల_బాధితుడు
నేనూ శనివారానికి చర్మవైద్యుల దగ్గర సమయం తీసుకున్నాను. నాన్నగారి పాతికేళ్ల నాటి ఫొటో పంపమని అడిగాను. వెళ్లేముందు ఏమైనా చేయాలా?

చర్మవైద్య_విద్యార్థిని
ముందు రోజు నూనె పెట్టకండి. చర్మాన్ని పెద్దది చేసి చూపే డెర్మోస్కోప్‌తో చూసి వెంట్రుకల లావులో తేడా ఎంత ఉందో చెబుతారు. రక్తపోటు, గుండె సంగతులు, వాడుతున్న మందులు రాసుకుని వెళ్లండి. ఒకే చోట, ఒకే వెలుతురులో నడినెత్తి, నుదురు ఫొటోలు తీసి పెట్టుకోండి, నెలకోసారి చాలు. రోజూ అద్దంలో చూసుకుంటే తేడా తెలియదు, దిగులు పెరుగుతుంది. మొదలుపెట్టడం, పెట్టకపోవడం మీ ఇష్టం. ఏమీ చేయకుండా ఉండడమూ తప్పు కాదు.

కోరమంగళ_కిరణ్
తమ్ముడూ, సంబంధం చూసే వాళ్లకు దాచకు. నా పెళ్లిచూపుల్లో నేనే ముందు చెప్పాను, వాళ్లు పట్టించుకోలేదు.

హెచ్ఎస్ఆర్_హేమ
ఆలస్యంగా చూశాను ఈ చర్చ. మావారు రాత్రి పడుకునేముందు మినాక్సిడిల్ రాస్తారు. మా పిల్లి ఆయన దిండు మీదే పడుకుంటుంది. ఇబ్బంది ఉందా?

మందుల_షాపు_సుబ్బయ్య
చాలా ఉంది తల్లీ. పిల్లులకు మినాక్సిడిల్ విషం, కొద్దిగా నాకినా గుండె, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. పడుకోవడానికి రెండు గంటల ముందే రాసి ఆరనివ్వమనండి, దిండు గలేబు మార్చండి, పిల్లిని ఆ గదిలోకి రానివ్వకండి. చంటిపిల్లలు ఉన్న ఇళ్లలో కూడా రాసిన తలకు బిడ్డ ముఖం ఆనకుండా చూసుకోవాలి. పిల్లి మందకొడిగా ఉన్నా, ఆయాసపడుతున్నా ఆగకుండా పశువైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి.

హెచ్ఎస్ఆర్_హేమ
ఇప్పటికి చురుగ్గానే ఉంది. గలేబు తీసి ఉతకడానికి వేశాను. ఆయన్ని ఈ రోజు నుంచి సాయంత్రమే రాసుకోమన్నాను.